ఫెర్న్, వెర్న్, గ్వెర్న్: ఒక నీటిచెట్టు పేరు వెంట

క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ మూడో భాగంలో గాల్ దేశపు దక్షిణ తీరాన్ని వర్ణిస్తూ పిరనీస్ కొండల దాపున పారే ఒక ఏటిని వెర్నోదుబ్రుమ్ అని పేర్కొన్నాడు. ఆ ఏరు ఇప్పటికీ ఉంది. కొర్బియేర్ కొండల్లో పుట్టి, తొతావెల్ ఊరి పక్క సున్నపురాతి లోయను చీల్చుకుంటూ వెళ్లి ఆగ్లీ నదిలో కలుస్తుంది. ఆదిమానవుడి ఎముకలు దొరికిన ఆరాగో గుహ ఈ లోయ మీదే ఉంది. నేడు దాని పేరు వెర్దూబ్ల్. ఫ్రెంచివాడి చెవికి అందులో ‘పచ్చ’, ‘రెట్టింపు’ అన్న రెండు మాటలు వినిపిస్తాయి. ఇది లోకనిరుక్తి చేసిన పని. పాత మాట అర్థం మరుగున పడ్డాక, జనం దాన్ని తమకు తెలిసిన మాటల అచ్చులో పోసుకున్నారు. ప్లినీ రాసిపెట్టిన రూపాన్ని విడదీస్తే వచ్చేవి గాలిష్ (పాత గాల్ జనం మాట్లాడిన కెల్టిక్ భాష) మాటలు రెండు: వెర్నో అంటే ఆల్డర్ చెట్టు, దుబ్రో అంటే నీరు. ఆ ఏరు ఆల్డర్ల ఏరు.

ఈ రెండు మాటలకూ ఐర్లండ్‌లో చుట్టాలున్నారు. నీటికి పాత ఐరిష్ మాట దొవర్. నీటికుక్కను ఐరిష్‌లో ఇప్పటికీ దొవర్-ఖూ అనవచ్చు; అచ్చంగా ‘నీటి కుక్క’ అనే అర్థం. ఇక వెర్నోకు ఐరిష్ చుట్టం ఫెర్న్. నేటి ఐరిష్‌లో ఆ చెట్టును ఫార్నోగ్ అంటారు. ఫ్రాన్స్ పల్లెల్లో వెర్న్, వెర్ఞ్ అన్న రూపాలు నిలిచి ఉన్నాయి. సముద్రానికి అటూ ఇటూ ఉన్న ఈ మాటల బంధుత్వం భాషాశాస్త్రజ్ఞులకు కొత్త సంగతి కాదు. అయితే ధ్వనిని చూసినవాళ్లు ధ్వనినీ, అర్థాన్ని చూసినవాళ్లు అర్థాన్నీ విడివిడిగా చూశారు. రెండింటినీ కలిపి చూస్తే, ఏ అర్థం ఎక్కడ పుట్టిందో, ఎవరి వెంట ప్రయాణించిందో చాలా వరకు తేల్చవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదన.

ముందు చెట్టు సంగతి. ఆల్డర్‌కు తెలుగులో పేరు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. మన నేల మీద అది పెరగదు. దాని దగ్గరి బంధువొకటి హిమాలయాల్లో ఉంది. సిక్కిం యాలకుల తోటల్లో నీడకోసం పెంచే ఉతిస్ చెట్టు అదే. యూరప్ ఆల్డర్ వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో, వేళ్లు నీళ్లలో నానుతూ పెరుగుతుంది. ఆకు గుండ్రంగా ఉండి, కొసన మొన ఉండాల్సిన చోట చిన్న నొక్కు ఉంటుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి గనుక పేద నేలలో కూడా అది బతికేస్తుంది. నరికినప్పుడు తెల్లగా కనిపించే కొయ్య కాసేపట్లో ఎర్రబారుతుంది. కలప తేలిక, చెక్కడానికి సులువు. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం పుచ్చదు. తడి ఆరుతూ మళ్లీ తడుస్తూ ఉంటే మాత్రం త్వరగా పాడవుతుంది. రావెన్నా నగరపు పునాదుల కింద దిగేసినవి ఆల్డర్ మొద్దులేనని రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ రాశాడు. ముందు ముందు మనం చూడబోయే అర్థాలన్నీ ఈ గుణాల్లోంచి మొలిచినవే.

నేటి ప్రామాణిక ఫ్రెంచ్‌లో ఈ చెట్టు పేరు ఓన్, లాటిన్ అల్నుస్ నుంచి వచ్చింది. బడిపిల్లలు నేర్చుకునేది అదే. ఫ్రాంష్-కోంతే, బర్గండీ, లియాన్ చుట్టుపక్కలు, సావోయి, ఫ్రెంచ్ మాట్లాడే స్విట్జర్లాండ్ పల్లెలు – వీటిలో మాత్రం అది వెర్న్. లిమూజేన్, ఓవెర్ఞ్, పొయిటూ ప్రాంతాలకు వస్తే వెర్ఞ్. దక్షిణాన ఒక్సితాన్‌లో వెర్న్, వెర్ఞె. గాస్కొనీలో వకారం బకారమై బెర్న్ అని వినిపిస్తుంది. పిరనీస్ దాటితే కాటలాన్‌లో కూడా వెర్న్. మొదటి రూపానికి మూలం వెర్నా. రెండోదానికి వెర్నియా అన్న విశేషణరూపం మూలం. ‘ని’ తర్వాత అచ్చు రావడంతో నకారం తాలవ్యీకరణం పొంది ఞకారమైంది.

ఇలాంటి మాటలు మనకు దొరికేలా చేసిన మనిషిని ఇక్కడ తలుచుకోవాలి. భాషాశాస్త్రజ్ఞుడు జూల్ జిలియెరోన్ ‘ఫ్రాన్స్ భాషాపటం’ తయారీకి పూనుకున్నప్పుడు క్షేత్రపరిశోధనకు ఎన్నుకున్నది పండితుణ్ణి కాదు. సాన్-పోల్ పట్టణంలో కిరాణా వ్యాపారం చేసిన ఎద్మోన్ ఎద్మోన్‌ను. చురుకైన చెవి ఉండటమే అతని అర్హత. 1897 నుంచి 1901 వరకు అతను 639 ఊళ్లు తిరిగి, ఒకే ప్రశ్నావళితో, విన్నది విన్నట్టు రాసుకున్నాడు. రాజధాని మాట పల్లెలను ఎంతగా కమ్మేసిందో, ఎక్కడ ఆగిపోయిందో ఆ పటాలు చూస్తే కళ్లకు కడుతుంది. ఆ తర్వాత 1922లో వాల్తెర్ ఫొన్ వార్ట్‌బుర్గ్ ప్రచురణ మొదలుపెట్టిన ఫ్రెంచ్ వ్యుత్పత్తి నిఘంటువు మాండలిక రూపాలను వాటి మూలాల కింద గుదిగుచ్చింది. మాండలికాన్ని ప్రామాణిక భాష చెడిన రూపంగా చూసే అలవాటు ఇంకా పోని కాలంలో జరిగిన పనులివి.

ఊళ్ల పేర్లలో ఈ మాట మరింత దట్టంగా ఉంది. మనకు చింతపల్లి, మర్రిపాడు ఉన్నట్టే వాళ్లకు వెర్నే, వెర్నె, లా వెర్ఞ్, వెర్నోయ్ ఉన్నాయి. నార్మండీలోని వెర్నోయ్‌ది వెర్నో-ఇయాలోన్ అన్న పాత రూపం. ఆల్డర్ల నడుమ చదునుచేసిన ఖాళీ నేల అని అర్థం. ఓన్ అన్న మాటే వాడే ఉత్తరాన కూడా ఊరిపేరు గాలిష్ మాటను దాచుకుంది. వాడుకలో చచ్చిపోయిన మాట పొలిమేర పేరులో బతకడం ఎక్కడైనా జరిగేదే. మనుషుల ఇంటిపేర్లూ అంతే: లవెర్ఞ్, దువెర్నె, వెర్నె, వెర్న్. తెలుగు పాఠకులకు బాగా తెలిసిన జూల్ వెర్న్ ఇంటిపేరు ఈ చెట్టుదే. ఆయన బతికుండగానే ఒక పుకారు లేచింది: ఆయన ఓల్షెవిచ్ అనే పోలిష్ యూదుడనీ, పోలిష్‌లో ఓల్షా అంటే ఆల్డర్ గనుక ఇంటిపేరును ఫ్రెంచ్‌లోకి మార్చుకున్నాడనీ. 1828లో నాంత్ నగరంలో ఫ్రెంచ్ తల్లిదండ్రులకు పుట్టినవాడి మీద అల్లిన కట్టుకథ అది. కానీ వెర్న్ అంటే ఏ చెట్టో జనానికి తెలిసి ఉంటేనే అలాంటి కథ పుడుతుంది. 19వ శతాబ్దంలో ఆ మాట ఎంత సజీవంగా ఉందో చెప్పడానికి ఈ పుకారు కూడా పనికొస్తుంది.

ఇక ఐర్లండ్. వెక్స్‌ఫర్డ్ కౌంటీలో ఫెర్న్స్ అనే ఊరుంది. ఐరిష్‌లో ఫార్నా, ఆల్డర్లు అని అర్థం. ఒకప్పుడు లెన్‌స్టర్ రాజుల పీఠం. 12వ శతాబ్దంలో అక్కడి రాజు దియర్మిద్ మాక్ మురఖద రాజ్యం పోగొట్టుకుని నార్మన్ల సాయం కోరాడు. 1169లో వాళ్లు బానో అఖాతంలో దిగారు. 1171లో దియర్మిద్ ఫెర్న్స్‌లోనే చనిపోయాడు. అలా వచ్చినవాళ్లలో ఫ్రెంచ్ మాట్లాడే ప్రభువులున్నారు. వాళ్ల పూర్వీకుల నార్మండీలో వెర్నోన్, వెర్నోయ్ ఉన్నాయి. తమ పాత ఊళ్ల పేర్లలోని చెట్టే ఈ ఊరి పేరులోనూ ఉందని వాళ్లకు తట్టే అవకాశం లేదు. అప్పటికి రెండు మాటలూ వినికిడికి అంత దూరం జరిగిపోయాయి. ఉత్తరాన మొనహన్ కౌంటీలో ఫార్నీ అనే సీమ ఉంది. దాని పాత రూపం ఫెర్న్-మగ్, ఆల్డర్ మైదానం. అందులోని రెండో భాగం గాలిష్ ఊరిపేర్లలో అడుగడుగునా కనిపించే మగోస్‌కు సోదరరూపం.

ఫకారం వకారంతో ఎలా కలుస్తుంది? ఇక్కడ తెలుగు పాఠకుడికి సొంత ఆధారాలున్నాయి, ఎందుకంటే మనం రోజూ వాడే తత్సమాలు ఈ కెల్టిక్ భాషలున్న ఇండో-యూరోపియన్ కుటుంబం నుంచే వచ్చినవి. సంస్కృత ‘వీర’కు లాటిన్‌లో సాటి విర్, పాత ఐరిష్‌లో ఫెర్, వేల్ష్‌లో గూర్, ఈ మూడింటికీ మగవాడు, మనిషి అని అర్థం. ‘విధవ’కు లాటిన్‌లో విదువా, పాత ఐరిష్‌లో ఫెద్వ్, వేల్ష్‌లో గ్వెథు. మాట మొదట్లో ఉన్న పాత వకారం ఐరిష్‌లో ఫ అయింది. వేల్ష్‌లోనూ, బ్రిటనీ ప్రాంతపు బ్రెతోన్ భాషలోనూ గ్వ అయింది. గాలిష్‌లో అలాగే ఉండి, ఫ్రెంచ్‌లో పంటిపెదవి వకారమైంది. ఈ సూత్రం ప్రకారం వెర్న్, ఫెర్న్, గ్వెర్న్ ఒకే మూలానికి మూడు రూపాలు. వేల్ష్, బ్రెతోన్‌లలో గ్వెర్న్ నిజంగానే ఆల్డర్.

ధ్వనిసూత్రాన్ని వదిలేసి చెవిని నమ్ముకుంటే ఏమవుతుందో ఇదే మాట చూపిస్తుంది. ఇంగ్లీషులో ఫెర్న్ అనే మొక్క ఉంది. పూలు లేని, ఈకల్లాంటి ఆకుల మొక్క. పాత ఇంగ్లీషులో దాని వర్ణక్రమం ఐరిష్ ఆల్డర్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది. అయినా రెండింటికీ ఏ సంబంధమూ లేదు. జర్మానిక్ భాషల్లో ఫకారం పాత పకారం నుంచి వచ్చింది, కాబట్టి ఇంగ్లీషు ఫెర్న్‌కు చుట్టం సంస్కృత ‘పర్ణం’. పర్ణశాలలోని పర్ణం. ఐరిష్ సంగతి వేరు, కెల్టిక్ భాషలన్నీ పాత పకారాన్ని పోగొట్టుకున్నాయి. మన ‘పితృ’కు ఐరిష్‌లో అహిర్ సాటి. ఆ ఈకల మొక్కకు గాల్ జనం వాడిన మాట రతిస్ అని బోర్డోకు చెందిన వైద్యగ్రంథకర్త మార్సెల్లస్ నమోదు చేశాడు. ఐరిష్‌లో నేటికీ అది రహిన్యఖ్, బ్రెతోన్‌లో రదెన్. మొదట ఉండిన పకారం జారిపోగా మిగిలిన రూపాలివి. రెండు దీవుల్లో ఒకేలా వినిపించే ఫెర్న్‌లు రెండు వేరు మూలాలవి; ఒకేలా వినిపించని ఫెర్న్, గ్వెర్న్ ఒకే మూలానివి.

ఇప్పటిదాకా చెప్పింది పునర్నిర్మాణం. దానికి రాతి సాక్ష్యం కూడా ఉండటం ఈ మాట అదృష్టం. 4వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా ఐర్లండ్‌లోనూ, బ్రిటన్ పడమటి తీరంలోనూ రాళ్ల అంచుల మీద గీతలతో చెక్కిన లిపి ఒగమ్. అంచుకు ఒక పక్క ఒకటి నుంచి అయిదు గీతలు, మరో పక్క ఒకటి నుంచి అయిదు గీతలు, అడ్డంగా ఏటవాలుగా మరికొన్ని – స్థూలంగా ఇదీ ఆ లిపి. అక్షరాలకు పేర్లున్నాయి, వాటిలో కొన్ని చెట్ల పేర్లు. మొదటి వరుసలో మూడో అక్షరం, మూడు గీతలది. దాని పేరు ఫెర్న్. మధ్యయుగపు ఐరిష్ పండితులు దాన్ని ఫ అనే చదివారు. కానీ శాసనాల్లో ఆ అక్షరం పలికేది ఫ కాదు, వ. తర్వాతి కాలంలో ఫెర్గుస్ అయిన పేరు శాసనంలో వెర్గోసో అని ఉంది. ఒగమ్ మీద 1991లో వచ్చిన తన పుస్తకంలో డేమియన్ మెక్‌మానస్ ఈ అక్షరాల అసలు విలువలను వాటి పేర్ల వ్యుత్పత్తి ఆధారంగానే నిర్ధారించాడు: పేరులోని మొదటి ధ్వని ఏదో, ఆ అక్షరం విలువ అదే. అక్షరానికి ఆ పేరు పెట్టిననాడు ఐర్లండ్‌లో ఆ చెట్టును వకారంతోనే పిలిచేవారు. చివరి అచ్చుతో సహా వెర్నా అన్న రూపానికి దగ్గరగా. అదే కాలంలో గాల్ పల్లెల్లో వినిపించిన మాటా అదే. శాసనం చెక్కినవాడు సముద్రం దాటి లిమూజేన్ వాగు ఒడ్డున నిలబడి ఆ చెట్టు పేరు చెబితే అక్కడి రైతుకు అర్థమై ఉండేది.

ఈ పరిశోధన చరిత్రలో మన నేల కూడా ఒకచోట తగులుతుంది. పాత ఐరిష్‌ను పాండిత్యలోకానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు విట్లీ స్టోక్స్. వృత్తిరీత్యా న్యాయవాది, 1862లో మద్రాసు వచ్చాడు. తర్వాత కలకత్తాలో వైస్రాయి మండలిలో న్యాయసభ్యుడిగా 1882 నాటి సివిల్, క్రిమినల్ ప్రక్రియా స్మృతుల రూపకల్పనలో పనిచేశాడు. పగలు భారత శాసనాలు, తీరిక వేళ పాత ఐరిష్ రాతప్రతులు. మన్‌స్టర్ రాజు, బిషప్ అయిన కోర్మాక్ పేర ఉన్న ఐరిష్ నిఘంటువుకు జాన్ ఓ’డోనవన్ చేసిన అనువాదాన్ని స్టోక్స్ పరిష్కరించి 1868లో అచ్చు వేయించింది కలకత్తాలోనే. ఆయనా జర్మన్ భాషాశాస్త్రజ్ఞుడు బెట్సెన్‌బెర్గరూ కలిసి 1894లో వెలువరించిన ఆదికెల్టిక్ పదకోశం, ఇలాంటి మాటల మూలరూపాలను వరుసలో పెట్టిన తొలి పెద్ద ప్రయత్నం. సంస్కృతం తెలిసిన వాతావరణంలో ఆయన గడిపిన ఏళ్లు ఆ పుస్తకానికి బలమిచ్చాయని నా నమ్మకం.

ఇక అర్థాలు. పాత ఐరిష్‌లో ఫెర్న్‌కు చెట్టు అన్న అర్థం ఒక్కటే లేదు. డాలు, గుంజ, తెరచాప కొయ్య అన్న అర్థాలు కూడా ఉన్నాయి. డాలు అర్థాన్ని తవ్వకాలు బలపరుస్తున్నాయి. టిప్పరరీ కౌంటీ క్లోనూరాలో బురదనేల నుంచి బయటపడిన ఇనుపయుగపు డాలు ఆల్డర్ పలక మీద తోలు బిగించి చేసినది. పలక తేలికగా ఉండాలి, కత్తి దెబ్బకు నిలువునా చీలిపోకూడదు. ఆల్డర్ ఈ రెండింటికీ సరిపోతుంది. ఒగమ్ అక్షరాలకు ఐరిష్ పండితులు కట్టిన పొడుపుమాటల్లో కూడా ఈ చెట్టుకు యుద్ధవీరుల ముందువరుసతో, గుండెను కాచుకోవడంతో, పాలు పోసే పాత్రతో ముడిపెట్టారు. మొదటి రెండూ డాలును, మూడోది ఇంట్లో ఉండే చెక్కగిన్నెను సూచిస్తాయి. 8వ శతాబ్దపు ఐరిష్ ధర్మశాస్త్రంలో 28 చెట్లను ఏడేసి చొప్పున నాలుగు తరగతులు చేసి, ఇతరుల చెట్టు నరికితే ఎంత జరిమానా అన్నది తరగతిని బట్టి నిర్ణయించారు. ఓక్, హేజెల్, యూ వంటివి అడవిలో దొరలు. ఆల్డర్ రెండో తరగతిలో, అడవి కాపుల్లో మొదటి పేరు. ఆ జాబితాను పరిష్కరించి వివరించిన ఫెర్గుస్ కెల్లీ పని చూస్తే, చెట్టు అందానికో పవిత్రతకో కాక దాని వాడుకకు వెల కట్టినట్టు స్పష్టమవుతుంది.

వేల్ష్, బ్రెతోన్‌లలో గ్వెర్న్ అర్థం మరో వైపు సాగింది. చెట్టు నుంచి చెట్టు పెరిగే నేలకు: చిత్తడి, బురదనేల. బ్రిటనీలో గ్వెర్న్ అన్న ఊరుంది. ల గ్వెర్న్ అన్న ఇంటిపేరు అక్కడ మామూలు. ఈ రెండు భాషల్లోనూ తెరచాప కొయ్య అర్థం కూడా ఉంది. ఫ్రాన్స్ మాండలికాల్లో వెర్న్, వెర్ఞ్ అంటే చెట్టు, దాని కలప. వెర్నె అంటే తోపు. ఆ కలపతో పల్లెవాళ్లు చెక్కబూట్లు చెక్కుకున్నారు.

వ్యుత్పత్తి పేర రాసినవాటిలో రెండు చోట్ల నిదానించాలి. సీజర్‌ను ఎదిరించిన వెర్సింజెటొరిక్స్ తెగ పేరు ఆర్వెర్ని. ఓవెర్ఞ్ ప్రాంతానికి ఆ పేరు వాళ్ల నుంచే వచ్చింది. ‘ఆల్డర్ల చెంతనున్నవారు’ అన్న వ్యుత్పత్తి వినడానికి బాగుంటుంది, రూపానికీ సరిపోతుంది. కానీ గాలిష్‌లో ‘పై, అధికం’ అన్న అర్థంలో వెర్ అనే ఉపసర్గ కూడా ఉంది. ఆ రాజు పేరు మొదట్లో ఉన్నదీ అదే. వెర్నెమెతిస్ అన్న పేరును ‘మహా దేవస్థానం’ అని 6వ శతాబ్దపు కవి వెనాన్షియస్ ఫోర్చునేటస్ వివరించాడు; చూపుకు వెర్న్ కనిపించే ఆ పేరులో ఆల్డర్ లేదు, వెర్ పక్కన నెమెతోన్ (దేవస్థానం) ఉంది. కాబట్టి ఆర్వెర్నిలను ఆల్డర్ ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను. రెండోది పాత దొంగల భాషలోని వెర్ఞ్. దానికి పట్టణం అని అర్థం. చెట్టుకూ పట్టణానికీ అర్థపు వంతెన వేయగల సాక్ష్యం లేనంతవరకు దాన్ని ఈ చర్చలోకి తేకూడదు.

ఉత్తర ఫ్రాన్స్‌లో ఓన్ ఎందుకు గెలిచింది? లాటిన్ పలుకుబడి ఒక్కటే కారణమైతే, రోమన్లు ముందుగా స్థిరపడిన దక్షిణంలో గాలిష్ మాట ముందు పోవాలి. జరిగింది దానికి తలకిందులు. ఉత్తరాన ఫ్రాంకులు మాట్లాడిన జర్మానిక్ భాషలో ఆల్డర్ పేరు అకారంతో మొదలై లకారంతో సాగేది. నేటి డచ్ ఎల్స్ ఆ కుదురుదే. అల్నుస్‌కు ఆ పోలిక ఊతమిచ్చి ఉంటుందన్న ఊహ కొందరు పండితులది. దాన్ని నేను సమర్థిస్తాను, ఎందుకంటే ఫ్రాంకుల ప్రభావం బలంగా ఉన్న మేరకూ ఓన్ విస్తరించిన మేరకూ స్థూలంగా పొంతన ఉంది.

చివరగా తెరచాప కొయ్య. ఆల్డర్ నిజానికి పెద్ద ఓడ కొయ్యకు తగిన చెట్టు కాదు. చిత్తడిలో దట్టంగా పెరిగినప్పుడు మాత్రం వెలుతురు కోసం నిటారుగా, సన్నగా లేస్తుంది. చిన్న పడవకు గుంజగా సరిపోతుంది. అర్థం ముందు గుంజకూ, అక్కడినుంచి ఓడ కొయ్యకూ పాకి ఉండాలి. పాత ఐరిష్‌లో గుంజ అన్న మధ్యస్థ అర్థం కూడా నమోదై ఉండటం ఈ క్రమానికి ఆధారం. ఈ అర్థం ఐరిష్, వేల్ష్, బ్రెతోన్‌లలో ఉంది. వెర్న్, వెర్ఞ్ మాండలికాల్లో లేదు. ఫ్రెంచ్ నావికుల వెర్గ్ అన్న మాటను చూపి, తెరచాప కట్టే ఆ అడ్డకొయ్య ఆల్డరేనని ఎవరైనా అంటే, అది లాటిన్ విర్గా (కొమ్మ, బెత్తం) నుంచి వచ్చిన ఉత్తరాది రూపమని గుర్తుచేయాలి. బ్రెతోన్ భౌగోళికంగా ఫ్రాన్స్‌లో ఉన్నా, 5, 6 శతాబ్దాల్లో బ్రిటన్ నుంచి కడలి దాటి వచ్చినవాళ్ల భాష. ఆ భాషలో గ్వెర్న్‌కు ఉన్న మూడు అర్థాలూ వేల్ష్‌లోవే, పక్కనే ఉన్న పొయిటూ రైతుల వెర్ఞ్‌లోవి కావు. ఆల్డర్‌ను తెరచాప కొయ్యగా చూడటం దీవుల్లో పుట్టిన అలవాటు. వలసవచ్చినవాళ్లు దాన్ని తమ పడవలతో పాటే బ్రిటనీ తీరానికి తెచ్చారు.